మొదటి అతుకు మీద పసుపు

1993 జనవరిలో నన్ను కొండ ప్రాంతపు ఆఫీసు నుంచి బరంపురం రవాణా కార్యాలయానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. మా శాఖలో వరస ఇలా ఉంటుంది: కింద జూనియర్ ఇన్‌స్పెక్టరు, ఆ పైన ఇన్‌స్పెక్టరు, అందరి పైనా ఆర్.టి.ఓ. సంతకం ఆర్.టి.ఓ.ది, మసి మాత్రం ఇన్‌స్పెక్టరుది. బండి కిందకి దూరేవాడు, బ్రేకు తొక్కి చూసేవాడు, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసేవాడు ఇన్‌స్పెక్టరే. మాది చికిటి దగ్గర పల్లె. సొంత జిల్లాకి వచ్చానన్న సంతోషం ఒకటి, మళ్ళీ తెలుగు వినబడే ఊళ్ళో ఉంటానన్న సంతోషం ఇంకొకటి. ఆఫీసులో మాటంతా ఒడియాయే, ఎవరైనా మన "అయ్యా" బదులు "ఆజ్ఞా" అనే మొదలుపెడతారు. కానీ బండి ఫెయిలైందని చెప్పగానే మనవాళ్ళ నోటి నుంచి తెలుగే వస్తుంది.

ఆ వేసవిలో నా ముందుకి ఒక జీపు వచ్చింది. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించుకుని పొడిగించుకోవాలి. ఈ జీపు అందుకే వచ్చింది, కానీ కంపెనీ వదిలిన రూపం దానికి ఇంజను మూత దగ్గర తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ముందు బంపరు తీసేసి ఆ స్థానంలో బరువైన చానల్ ఇనుము బిగించారు. దానికి రెండు లాగుడు కొక్కేలు. వెనక స్టెప్నీకీ పెట్రోలు డబ్బాకీ ఒక చట్రం. వీటన్నిటికీ మించి, సీట్ల వెనక నుంచి తలల పైకి వంచిన లావుపాటి పైపు కమాను ఒకటి ఉంది. బండి పల్టీ కొడితే లోపలివాళ్ళ తలలు నలగకుండా కాపాడవలసింది అదే.

ఎవరు చేశారని అడిగితే యజమాని తనే చేశానన్నాడు, ఇంటి పెరట్లో. ఆయన పేరు కామేశ్వరరావు. పెద్దబజారులో చింతపండు, బెల్లం టోకు వ్యాపారం, తాతల నాటి కొట్టు. నలభై దాటిన మనిషి. చొక్కా నిండా నిప్పురవ్వలు పడి కాలిన చిన్న చిన్న చిల్లులు. బెల్లం వ్యాపారికి ఇలాంటి చిల్లులెందుకుంటాయా అని నేను ముందే అనుకున్నాను. ఆరు రోజులు కొట్లో కూర్చుని తూకాలు వేసే మనిషి, ఏడో రోజు మొహానికి నల్లద్దం పెట్టుకుని ఇనుము అతికేవాడు. అతికినదాన్ని పరీక్షించడానికి భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని పొడంపేట వైపు, ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఇసక దిబ్బల్లోకి జీపు తోలేవాడు. నాకు ఆ మనిషి వెంటనే నచ్చాడు. ఇన్‌స్పెక్టరుకి ఇది అంత మంచి లక్షణం కాదు.

బండికి ఇలా మార్పులు చేస్తే వాటిని విడిగా చూసి, బాగున్నాయని ఇన్‌స్పెక్టరు రాసిస్తేనే రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కుతాయి. లేకపోతే ఊడదీయాలి. ఆ మాట చెప్పగానే కామేశ్వరరావు నన్ను పక్కకి పిలిచి తన అసలు చిక్కు చెప్పాడు. ఇంట్లో వెల్డింగు మిషను వేస్తే వీధి మొత్తం లైట్లు గుడ్డివవుతాయి, టీవీల్లో బొమ్మ వణుకుతుంది. ఇరుగుపొరుగులు వచ్చి ఆయన భార్య సత్యవతి గారి మీద పడతారు. ఆవిడ విసిగిపోయి, జీపు పాసవకపోతే మిషను అమ్మేస్తానని ఒట్టు వేయించింది.

"మీరు పాస్ సేస్తే మిషను ఉంటాది సార్. లేదంటే ఎల్లిపోద్ది. కొనీవోణ్ణి కూడా సూసి ఉంచింది," అన్నాడు.

నేను నవ్వి, మిషను సంగతి మీ ఇంట్లో తేల్చుకోండి, అతుకుల సంగతి నేను తేలుస్తానన్నాను.

రంగు వేసిన అతుకుని నేను నమ్మను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అదే నా పద్ధతి. ముందు రంగు గీకించాను. ఆయనకి ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే రంగు కూడా తనే వేసుకున్నాడు. తర్వాత చిన్న సుత్తితో ఒక్కొక్క అతుకునీ తట్టుకుంటూ వెళ్ళాను. లోపల గట్టిగా కరిగి కలిసిన అతుకు ఖంగున పలుకుతుంది. లోపల డొల్ల ఉన్నది మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట ఆకురాయి వేసి అరగదీసి చూడాలి. చాలామటుకు అతుకులు చూసి నాకు ముచ్చటేసింది. నిండుగా, వరసగా, చేప పొలుసుల్లా పడ్డాయి. ఊళ్ళో గేట్లు చేసేవాళ్ళకి కూడా అంత నిదానం ఉండదు. కానీ కొన్ని అతుకుల్లో ఆకురాయి కింద సూదిమొన చిల్లులు బయటపడ్డాయి. వీటిని బ్లోహోల్స్ అంటాం. కరిగిన ఇనుములో ఆవిరో పొగో చిక్కుకుని, బయటికి పోయే దారి లేక మిగిలిపోయిన బుడగలవి. కమాను కాలు ఛాసిస్ మీద దిగే చోట ఒకటి అలాంటిదే ఉంది. పాస్ చేసే మాటే లేదు.

బండి తిప్పి పంపాను. రాడ్లు చెమ్మెక్కి ఉంటాయని చెప్పాను. వెల్డింగు రాడ్డుకి పైన సుద్ద లాంటి పూత ఉంటుంది. మన సముద్రపు గాలికి ఆ పూత తడి పీల్చుకుంటుంది, ఆ తడే ఆవిరై బుడగలు చేస్తుంది. రాడ్లు ఎండలో బాగా ఆరబెట్టి, చెడ్డ అతుకులన్నీ తవ్వేసి కొత్తగా వేసుకురమ్మన్నాను.

కొన్నాళ్ళకి తెచ్చాడు. తట్టాను, అరగదీశాను. మళ్ళీ అదే కథ. అదే కమాను కాలు. నాకు తిక్క రేగింది. ఒకే చెయ్యి, ఒకే మిషను, ఒకే డబ్బాలో రాడ్లు. పక్కపక్కన రెండు అతుకులుంటే ఒకటి రాయిలా ఉంది, రెండోది పుచ్చిపోయింది. ఏ అతుకు తర్వాత ఏది వేశావని అడిగాను. ఇష్టపడి చేసిన పని కదా, వరస మొత్తం అప్పజెప్పినట్టు చెప్పాడు. నేను సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోయాను. అప్పుడు తెలిసింది, ప్రతి సామానులోనూ మొట్టమొదట వేసిన అతుకే చెడింది. బంపరులో మొదటిది, చట్రంలో మొదటిది, కమానులో మొదటిది. మరమ్మతులో కూడా మొదట ముట్టుకున్నదే. ఎందుకలా అని అడిగితే ఆయన మళ్ళీ వేసుకొస్తానని జీపు తిప్పుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు బండి యజమాని ఇంటికి వెళ్ళడం మా శాఖలో మంచి అలవాటు కాదు. ఆర్.టి.ఓ. గారికి విషయం చెప్పి, అనుమతి తీసుకుని, ఒక ఆదివారం పొద్దున్న అంకులిలో ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని గుమ్మంలోనే చెప్పేశాను. సత్యవతి గారు అప్పటికే స్టవ్ మీద పెట్టిన పెనం చప్పుడయ్యేలా దించేశారు.

పెరడు చూస్తే నాకు కడుపు నిండిపోయింది. రేకుల పందిరి కింద చక్రాల మీద నడిచే సింగిల్ ఫేజ్ మిషను ఉంది. ఎవరో గ్రిల్స్ చేసే అతను మార్చేస్తుంటే కొన్నాడట. బెల్లం దిమ్మలు తూచే పాత కాటా బల్లకి ఇనుము కరిచి పట్టుకునే వైసు బిగించి ఉంది. గోడకి హాక్సాలు, క్లాంపులు, ఆకురాళ్ళు సైజుల వారీగా వేలాడుతున్నాయి. అంత లావు పైపు ఇంట్లో ఎలా వంచావని అడిగాను. పైపు ఊరికే వంచితే మడతపడిపోతుంది. లోపల ఇసక దట్టించి, రెండు మూతులకీ కొయ్య బిరడాలు కొట్టి, బొగ్గుల్లో ఎర్రగా కాల్చి వంచాలి. ఇసకలో తడి ఉంటే మాత్రం ఆవిరికి బిరడా ఎగిరి ఎవరి మొహమో పగలగొడుతుంది. ఆ ఇసకంతా వాళ్ళమ్మ నరసమ్మ గారు పెద్ద మూకుట్లో పేలాల ఇసకలా వేయించి ఇచ్చారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. కొడుకు పిచ్చికి ఆ ఇంట్లో తోడున్న మనిషి ఆవిడొక్కరే.

కమాను కాలు మళ్ళీ తవ్వి ఉంచాడు. మొదలుపెట్టు, చూస్తానన్నాను. ఆయన తటపటాయిస్తూ నిలబడ్డాడు. ఇంతలో నరసమ్మ గారు ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చారు. పొట్టి మనిషి, చురుకైన నడక. పళ్ళెంలో నువ్వులనూనెతో కలిపిన పసుపు ముద్ద, కుంకుమ. నా ఎదురుగానే వంగి, అతకబోయే రెండు ఇనుప అంచులకీ మధ్య సందులోకి దిగేలా పసుపు దట్టంగా పట్టించి, పైన కుంకుమ బొట్టు పెట్టారు. గడపకి రాసినంత శ్రద్ధగా రాశారు. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని నిలబడ్డారు. మొదటి నిప్పురవ్వ చప్పుడు వింటే గానీ ఆవిడ లోపలికి కదలరు.

నా చిక్కు విడిపోయింది. నూనె కాలితే పొగ, పసుపు తడి కాలితే ఆవిరి. అంతా కరిగిన ఇనుము కడుపులోకే. కొత్త పని ఏది మొదలుపెట్టినా పంచాంగం చూసి మొదటి అతుకుకి ఇలా పసుపు పెట్టించుకోవడం ఆ ఇంటి పద్ధతి. ఆవిడ లెక్కలో ఇనుమూ నిప్పూ కలిసే చోటే శుభం జరగాలి.

కామేశ్వరరావు నన్ను గబగబా నూతి పక్కకి లాక్కుపోయాడు. ఆయనకి అనుమానం ముందే ఉందని మొహం చూస్తేనే తెలిసింది. "సార్, మీకు దండం పెడతాను, మాయమ్మకి మాత్రం సెప్పకండి. రాడ్లు బాగోలేవని రాసీండి. మిషను అమ్మీమంటే అమ్మీస్తాను," అన్నాడు. ప్రాణంగా చూసుకునే మిషను వదులుకోవడానికి సిద్ధపడ్డాడు గానీ, నీ చెయ్యి వల్లే చెడిందని తల్లితో అనడానికి సిద్ధంగా లేడు.

నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. దొంగతనంగా తుడిచెయ్యమని సలహా ఇద్దామంటే ఆవిడ అక్కడే నిలబడతారు. మాటలు వెతుక్కుంటూ పందిరి కిందకి వచ్చాను. నా పని ఆవిడే తేలిక చేశారు.

"ఏటి బాబూ, రెండు మాట్లు తిరగ్గొట్టీసినావంట? మావోడు అంత అద్దాన్నంగా సేస్తన్నాడేటి?" అని నిలదీశారు.

లేదమ్మా, మీవాడి పని బాగుంది, చెడినవన్నీ మీరు పసుపు పెట్టిన చోట్లే అన్నాను. ఆఫీసులో చెప్పినట్టే చెప్పాను. ఇంతకంటే మెత్తగా చెప్పే పద్ధతి నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

సత్యవతి గారు వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. కామేశ్వరరావు మిషను వెనక ఏదో వైరు సర్దుతున్నట్టు కూర్చుండిపోయాడు. నరసమ్మ గారు తన వేళ్ళకున్న పసుపు కేసి చూసుకుని, కొంగుతో తుడుచుకున్నారు. తర్వాత, "ఏదీ, సూపించు," అన్నారు.

మా డిప్లమా రోజుల్లో నేర్పిన పరీక్ష ఒకటుంది. ఒక ఇనుప పట్టీ మీద ఇంకొకదాన్ని నిలువుగా నిలబెట్టి ఒక్క వైపే అతికి, వైసులో బిగించి, అతుకు విరిగేదాకా సుత్తితో వంచుతారు. విరిగిన చోట లోపలి గుణం కనిపిస్తుంది. కామేశ్వరరావు చేత రెండు జతలు అతికించాను. ఒకదానికి బ్రష్షుతో తోమి గుడ్డతో తుడిచిన అంచులు. రెండోదానికి నరసమ్మ గారి చేతే, ఎప్పటిలాగే, పసుపు పెట్టించాను. చల్లారాక సుత్తి కొట్టాను. శుభ్రమైనది నా చెయ్యి నొప్పెట్టేదాకా సతాయించి చివరికి విరిగింది. లోపల బూడిద రంగులో గట్టిగా ఉంది. పసుపుది రెండు దెబ్బలకే ఊడొచ్చింది. తుంపిన ఇడ్లీ లోపల ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని రెండు ముక్కలూ వెలుగులోకి పట్టుకుని చూశారు.

"బండి పల్టీ కొడితే ఇదిగో, ఇదే పిల్లల నెత్తి మీద ఇరిగిపోను. అంతేనా బాబూ?"

అంతేనమ్మా అన్నాను.

ఆవిడ పసుపు ముక్కని మళ్ళీ ఒకసారి వెలుగులోకి పట్టుకున్నారు. చెప్పకుండా ఉండవలసిందేమోనని నాకు ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆవిడ నా వైపు చూడలేదు. కొడుకు వైపు తిరిగారు.

"ఊరగాయ జాడీలో తడి సెయ్యి ఎడితే బూజు పట్టీద్దని నాకు తెల్దేట్రా? నీకు తెలిసి కూడా నోట్లో ఏటి ఎట్టుకున్నావు? సెబితే నానేటి సచ్చిపోతానా?"

నలభై దాటిన టోకు వ్యాపారి, మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని మిషను వెనకే ఉండిపోయాడు. సత్యవతి గారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వు ఆపుకోవడానికి. తర్వాత ఆవిడే అత్తగారి పక్కనున్న పళ్ళెం తీసుకుని, "పోనీ, సల్లారినాక ఎడితే ఏటవుద్ది సార్?" అని నన్నడిగారు. ఏమీ కాదు, పూర్తిగా చల్లారి, నేను చూశాక ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చన్నాను. ఆ "నేను చూశాక" అన్న మాట నరసమ్మ గారు గట్టిగా పట్టుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

మూడోసారి జీపు ఆఫీసు మైదానంలోకి వచ్చినప్పుడు ముందు సీట్లో నరసమ్మ గారు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో కుంకుమ భరిణె. చెడిన అతుకులన్నీ తవ్వి, తోమి, పొడిగా వేశాడు. రంగు వెయ్యకుండానే తెచ్చాడు, ఆ మాత్రం బుద్ధి వచ్చింది. నేను కమాను కాలు తట్టాను. ఖంగుమంది. అరగదీసి చూశాను, పిండి ముద్దలా నిండుగా ఉంది. సుద్దముక్కతో టిక్కు పెట్టాను. వెంటనే పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి ఆ టిక్కు పక్కన బొట్టు పెట్టింది. రెండో అతుకుకి టిక్కు, బొట్టు. మూడోదానికీ అంతే. తమ వంతు కోసం నిలబడ్డ లారీ డ్రైవర్లు చుట్టూ మూగి, ఇదేదో కొత్త రూలు అనుకున్నారు. ఒకడు తన బండికి కూడా కుంకుమ తేవాలా అని మా గుమాస్తాని ఒడియాలో అడిగాడట.

వెనక చట్రం దగ్గర నేను ఆగాను. ఒక అతుకు పక్కన ఇనుము కొంచెం తినేసినట్టు గాడి పడింది. కరెంటు ఎక్కువ పెడితే అలా అవుతుంది. పెద్ద ప్రమాదమేమీ కాదు. అది మోసేది స్టెప్నీ, పెట్రోలు డబ్బా. ఇంకెవరి బండైనా, ఇంకో రోజైనా వదిలేసేవాణ్ణేమో. సుద్దముక్క పట్టుకుని నేను ఆలోచిస్తుంటే నరసమ్మ గారు నా చేతినే చూస్తున్నారు. నేను టిక్కు పెట్టలేదు. ఆవిడ భరిణె మూత పెట్టేశారు.

"ఇది బాగా సేసుకుని రా. అప్పుడెడతాను," అన్నారు కొడుకుతో.

ఆయన మారు మాట్లాడకుండా జీపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నన్ను రెండుసార్లు బతిమాలుకున్న మనిషి! మర్నాడు ఒక్కడే వచ్చాడు, భరిణె చొక్కా జేబులో పెట్టుకుని. గాడి నింపి నున్నగా చేసుకొచ్చాడు. నేను టిక్కు పెట్టాను, ఆయనే బొట్టు పెట్టుకున్నాడు. మార్పులన్నీ బాగున్నాయని రాసిచ్చాను, రిజిస్ట్రేషన్ పొడిగింపు అయింది. మిషను పెరట్లోనే ఉంది. టీవీలో సీరియల్ వచ్చే వేళ దాన్ని ముట్టుకోకూడదని సత్యవతి గారు కొత్త షరతు పెట్టారట. అది మా శాఖ పరిధిలోకి రాదు.

ఆ తనిఖీ నుంచి నేను నేర్చుకున్నది మా పనికి సంబంధించిందే. అంతకు ముందు బండి తిప్పి పంపితే కారణం ఎదురుగా నిలబడ్డవాడికి, అంటే ఓనరుకో డ్రైవరుకో చెప్పి ఊరుకునేవాణ్ణి. ఆ తర్వాత, తప్పు ఎవరి చేతి నుంచి వచ్చిందో కనుక్కుని, వీలైతే ఆ మనిషినే పిలిపించి, విరిగిన ముక్క చేతిలో పెట్టి చెప్పడం అలవాటు చేసుకున్నాను. బ్రేకు అతికిన ముసలి మేస్త్రీలకి చెప్పాను, స్ప్రింగు పట్టీలు సాగగొట్టిన కమ్మరికి చెప్పాను, మా ఆఫీసులోనే నాకంటే పెద్దవాడికి ఒకసారి చెప్పాను. విన్నవాళ్ళలో చాలామంది నొచ్చుకున్నారు. ఒక్కరిద్దరు తప్ప అందరూ సరిచేసుకుని వచ్చారు.